433, 868, లోరా: మీ ప్రాజెక్టుకు ఏ రేడియో మాడ్యూల్?

రేడియో మాడ్యూల్ గురించి ఎవరు అడిగినా మొదటి ప్రశ్న ఒకటే: "ఎంత దూరం పోతుంది?" నేనూ మొదట్లో అదే అడిగేవాణ్ని. ప్రకటనలో వెయ్యి మీటర్లు అని ఉంటే వెయ్యి మీటర్లు పోతుందనే నమ్మి కొనేవాణ్ని. ఇప్పుడు ఎవరైనా అడిగితే జవాబు చెప్పకుండా నాలుగు ఎదురు ప్రశ్నలు వేస్తున్నాను. ఒక్కసారికి ఎన్ని బైట్లు పంపాలి? ఎంతసేపటికోసారి పంపాలి? వినే వైపు కరెంటు ప్లగ్గు ఉందా, బ్యాటరీయేనా? ఒక ప్యాకెట్ దారిలో పోతే కొంప మునుగుతుందా? వీటికి జవాబులుంటే ఎంపిక ముప్పావు వంతు అయిపోయినట్టే. దూరం ఆ తర్వాతి లెక్క.

ఇక్కడ చెప్పేదంతా ఒక గిగాహెర్ట్జ్ లోపు పనిచేసే మాడ్యూళ్ల గురించి, అంటే 433, 868, 915 మెగాహెర్ట్జ్ రకాలు. వైఫై, బ్లూటూత్ తిరిగే 2.4 గిగాహెర్ట్జ్‌తో పోలిస్తే, అదే పవరు, అదే రకం యాంటెనాతో, అడ్డు లేని చోట 433 మెగాహెర్ట్జ్‌కి దాదాపు 15 డెసిబెల్ లాభం వస్తుంది. ప్రతి 6 డెసిబెల్‌కీ దూరం రెట్టింపవుతుంది కాబట్టి ఇది లెక్కకు ఐదున్నర రెట్ల దూరం. గోడలు, చెట్లు కూడా తక్కువ ఫ్రీక్వెన్సీని తక్కువగా మింగుతాయి. దానికి బదులు వేగం వదులుకోవాలి, యాంటెనా పొడుగవుతుంది. కెమెరా వీడియో పంపాలనుకునేవాళ్లకు ఈ దారి కాదు.

పని ఎవరి నెత్తిన పెడుతున్నాం?

రేడియోలో డేటా పంపాలంటే ఎవరో ఒకరు చెయ్యక తప్పని పనులు కొన్ని ఉన్నాయి. బిట్లను లెక్క ప్రకారం వదలాలి. అవతల, ఆ గోలలో ప్యాకెట్ ఎక్కడ మొదలైందో పట్టుకోవాలి. చెడిపోయిందో లేదో చూడాలి. మనదా, పక్కవాళ్లదా తేల్చాలి. అతి చవక మాడ్యూళ్లలో ఇవన్నీ మీ కోడే చెయ్యాలి. ఎస్‌పీఐ (చిప్‌ల మధ్య కొన్ని తీగలతో డేటా నడిపే పద్ధతి) మాడ్యూళ్లలో చాలావరకు రేడియో చిప్ చేస్తుంది. సీరియల్ (బైట్లను ఒక తీగ మీద వరసగా పంపే పద్ధతి) మాడ్యూళ్లలో లోపల ఇంకో చిన్న మైక్రోకంట్రోలర్ కూర్చుని అంతా చేసిపెడుతుంది. ఏ మాడ్యూల్ కొనాలి అన్న ప్రశ్న నిజానికి ఈ పని ఎవరి నెత్తిన పెడదాం అన్న ప్రశ్నే. దూరం, బ్యాటరీ, డీబగ్గింగ్‌లో పడే టెన్షన్, అన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

డేటా పిన్ ఒక్కటే ఉన్న జత

ఎఫ్‌ఎస్1000ఏ అనే బుల్లి ట్రాన్స్‌మిటర్, దానికి జోడీగా నాలుగు పిన్నుల రిసీవర్. స్టార్టర్ కిట్లలో తరచుగా కనిపించేది ఇదే. డేటా పిన్ పైకి లేస్తే 433.92 మెగాహెర్ట్జ్ తరంగం వెలువడుతుంది, కిందికి పడితే ఆగిపోతుంది. టార్చిలైటు వెలిగించి ఆర్పుతూ సైగ చేసినట్టు. దీనికి పేరు ఓఓకే, అంటే ఆన్-ఆఫ్ కీయింగ్.

తలనొప్పంతా రిసీవర్‌తోనే. గాలిలో ఏ సిగ్నలూ లేనప్పుడు అది ఊరుకోదు. గెయిన్ పెంచుకుంటూ పోయి డేటా పిన్ మీద చెత్త కుమ్మరిస్తూనే ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని నేరుగా సీరియల్ పిన్‌కి తగిలించి, స్క్రీన్ నిండా పిచ్చి అక్షరాలు చూసి, మాడ్యూల్ పాడైందనుకుంటారు. పాడవలేదు, దాని తీరే అంత. రేడియోహెడ్ లైబ్రరీలో ఇలాంటి జతల కోసమే ఉన్న ఏఎస్‌కే డ్రైవర్ వాడితే ఈ గోల చాలావరకు తగ్గుతుంది. అది ముందు 1-0-1-0 అని పంపి రిసీవర్‌ని దారికి తెస్తుంది. తర్వాత ప్రతి 4 బిట్లనూ ఒకట్లూ సున్నాలూ సమంగా ఉండే 6 బిట్లుగా మార్చి పంపుతుంది. చివర చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో తేల్చే చిన్న లెక్క) పెడుతుంది. వేగం మామూలుగా సెకనుకు 2000 బిట్లు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఆర్డుయినో ఊనోలో ఈ డ్రైవర్ టైమర్ 1ని తీసేసుకుంటుంది. సర్వో లైబ్రరీకి కావలసిందీ అదే. రెండూ ఒకే స్కెచ్‌లో (ఆర్డుయినో ప్రోగ్రామ్‌లో) పెట్టి మోటారు ఎందుకు తిరగడం లేదా అని నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

రిమోట్ సాకెట్లను ఆడించడానికి ఆర్‌సీ-స్విచ్ లైబ్రరీతో ఈ జత చాలు. పది నిమిషాలకోసారి ఉష్ణోగ్రత పంపి, ఒకటి పోయినా పర్వాలేదనుకునే పనికీ చాలు. వాడేటట్టయితే రిసీవర్ మాత్రం మార్చండి. ఆర్‌ఎక్స్‌బీ6 లాంటి సూపర్‌హెట్ రకం (కావలసిన ఫ్రీక్వెన్సీని బాగా ఏరుకుని వినేది) పెడితే అదే ట్రాన్స్‌మిటర్‌తో తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. గేటుకో తాళానికో మాత్రం ఈ జత వద్దు. ఎప్పుడూ ఒకే కోడ్ పంపే రిమోట్‌ని ఎవరైనా ఒకసారి విని తిరిగి వదలొచ్చు.

హెచ్‌సీ-12: తీగ తీసేసినట్టు

ఇందులో ఎస్ఐ4463 రేడియో చిప్, దాన్ని నడిపే ఎస్‌టీఎం8 మైక్రోకంట్రోలర్ రెండూ ఉంటాయి. మీకు కనిపించేది సీరియల్ పోర్టు మాత్రమే. ఇటు రాసింది అటు వస్తుంది. ఒక్క లైబ్రరీ కూడా అక్కర్లేదు. గంటలో ప్రాజెక్టు నడవాలంటే దీన్ని మించింది లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

సెట్ పిన్‌ని గ్రౌండ్‌కి కలిపితే ఏటీ కమాండ్లు (సెట్టింగులు మార్చే చిన్న ఆదేశాలు) వింటుంది. ఇక్కడ చాలామంది చూడని విషయం ఒకటుంది. మామూలుగా వచ్చే ఎఫ్‌యూ3 మోడ్‌లో, మీరు పెట్టే సీరియల్ వేగాన్ని బట్టి గాలిలో వేగం మారుతుంది. 9600 పెడితే గాలిలో 15,000 బిట్లు, రిసీవర్ వినగలిగే కనిష్ఠ సిగ్నల్ మైనస్ 112 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్‌లలో చెప్పే కొలత, మైనస్ ఎంత ఎక్కువైతే అంత బలహీనమైన సిగ్నల్ వింటుందని). 2400కి దిగితే గాలిలో 5,000 బిట్లు, మైనస్ 117. ఒక్క కమాండ్‌తో 5 డెసిబెల్ లాభం, పైసా ఖర్చు లేకుండా. 115200 పెట్టుకుని దూరం పోవడం లేదని గోల పెట్టేవాళ్లను చూశాను. అక్కడ ఆ అంకె మైనస్ 100 మాత్రమే.

దీనితో నాకున్న పేచీలు రెండు. తీగ లాగే ఉంది కదా అని తీగలాగే నమ్ముతాం. కానీ గాలిలో బైట్లు తప్పిపోతాయి, ఒక సందేశం రెండు ముక్కలై రావచ్చు. మొదలు గుర్తు, పొడవు, చెక్‌సమ్ మీరే పెట్టుకోవాలి. అంటే పని మాడ్యూల్ నెత్తిన పెట్టామనుకుంటూనే సగం మళ్లీ మన నెత్తినే వేసుకుంటున్నాం. రెండోది, ఇది 433.4 నుంచి 473.0 మెగాహెర్ట్జ్ దాకా 400 కిలోహెర్ట్జ్ ఎడంతో 100 ఛానెళ్లు ఇస్తుంది. 433 ఐఎస్‌ఎమ్ బ్యాండ్ (పరిశ్రమలు, సైన్స్, వైద్యం పనులకు కేటాయించిన శ్రేణి) చూస్తే 433.05 నుంచి 434.79 వరకే. ఆ లెక్కన అందులో పడేవి మొదటి నాలుగు ఛానెళ్లే. మిగతావి వేరేవాళ్ల స్థలం.

సీసీ1101, ఆర్‌ఎఫ్‌ఎం69: అసలు పని ఇక్కడే

రెండు వైపులా మాట్లాడాలి, వచ్చిందో లేదో తెలియాలి, బ్యాటరీ నెలల తరబడి రావాలి అంటే ఎస్‌పీఐ మాడ్యూళ్లకు రావాలి. ఇంటి లోపల, చుట్టుపక్కల పనికి నేను ఎక్కువగా సిఫారసు చేసేది ఈ తరగతినే. లోరా (కింద చెప్పబోయే, చాలా దూరం వినే పద్ధతి) మోజులో పడి జనం దీన్ని దాటేసి పోతుంటారు.

సీసీ1101 మూలాలు చిప్‌కాన్ అనే నార్వే కంపెనీలో ఉన్నాయి. 2006లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ దాన్ని కొనేసింది. 300–348, 387–464, 779–928 మెగాహెర్ట్జ్, మూడు శ్రేణుల్లోనూ పనిచేస్తుంది. ఓఓకే, ఎఫ్‌ఎస్‌కే (ఫ్రీక్వెన్సీని కాస్త అటూ ఇటూ జరిపి బిట్లు పంపే పద్ధతి) రెండూ వచ్చు. నిద్రలో 200 నానోఆంప్ మాత్రమే తాగుతుంది. పంపడానికీ వినడానికీ చెరొక 64 బైట్ల ఫైఫో (ముందు వచ్చింది ముందు బయటికి వెళ్లే చిన్న నిల్వ) ఉంటుంది. గరిష్ఠ పవరు 12 డీబీఎం ప్రాంతం. ఇప్పటికే ఉన్న రిమోట్లు, వాతావరణ సెన్సర్ల సంకేతాలు వినాలంటే దీన్ని మించిన ఆటవస్తువు లేదు.

దీనితో మొదటి చిక్కు బోర్డులోనే ఉంటుంది. చిప్ మూడు శ్రేణులకూ పనికొస్తుంది, కానీ యాంటెనాకీ చిప్‌కీ మధ్య ఉండే కాయిళ్లు, కెపాసిటర్లు ఏదో ఒక శ్రేణికే కుదురుతాయి. 433కి చేసిన బోర్డు, 868కి చేసిన బోర్డు చూడ్డానికి కవల పిల్లల్లా ఉంటాయి. నాకు ఒకసారి 433 అని అమ్మినవి 868వి వచ్చాయి. కోడ్‌లో తప్పు లేదు, రిజిస్టర్లన్నీ (చిప్ సెట్టింగులు ఉండే అరలు) సరిగ్గా ఉన్నాయి, కానీ పక్క గదికి కూడా సిగ్నల్ అందదు. కోడ్‌లో 868 అని మార్చి చూశాక తెలిసింది.

రెండో చిక్కు రిజిస్టర్లు. మొత్తం 47. చేత్తో లెక్కలు కట్టుకోకండి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల స్మార్ట్‌ఆర్‌ఎఫ్ స్టూడియో ప్రోగ్రామ్‌లో ఫ్రీక్వెన్సీ, వేగం, డీవియేషన్ (ఫ్రీక్వెన్సీ ఎంత జరగాలో) ఇస్తే విలువలన్నీ అదే ఇస్తుంది. లెక్క మాత్రం ఒక్కసారి అర్థం చేసుకుంటే మంచిది: చిప్‌కి గడియారంలా పనిచేసే 26 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ని 65,536తో భాగిస్తే 396.7 హెర్ట్జ్ ఒక మెట్టు. 433.92 మెగాహెర్ట్జ్‌కి 10,93,745 మెట్లు. హెక్స్‌లో అది 10, బీ0, 71. ఏదైనా కోడ్‌లో ఈ మూడు బైట్లు కనిపిస్తే అది ఏ ఫ్రీక్వెన్సీయో ఇక మీకు చెప్పక్కర్లేదు.

మూడోది చికాకు పెట్టేది. రిసీవ్ ఫైఫో నిండిపోయి పొంగితే చిప్ ఆ స్థితిలోనే నిలబడిపోతుంది, ఇక ఏమీ వినదు. ఐడిల్‌కి తెచ్చి, ఫైఫో ఖాళీ చేసే కమాండ్ ఇచ్చి, మళ్లీ రిసీవ్‌కి పంపాలి. "రెండు రోజులు బాగా పనిచేసి ఆగిపోతోంది" అని ఎవరైనా అంటే నా మొదటి అనుమానం దీని మీదే.

ఆర్‌ఎఫ్‌ఎం69 హోప్ఆర్‌ఎఫ్ వాళ్లది, లోపలి చిప్ సెమ్‌టెక్ ఎస్‌ఎక్స్1231. సెకనుకు 1,200 బిట్ల దగ్గర మైనస్ 120 డీబీఎం దాకా వింటుంది. 66 బైట్ల ఫైఫో, చిప్‌లోనే ఏఈఎస్-128 ఎన్‌క్రిప్షన్ ఉన్నాయి. కొత్త ప్రాజెక్టు మొదటినుంచి కడుతుంటే, రెండు చివరలూ మీవే అయితే, సీసీ1101 కన్నా ఇదే నయం. లైబ్రరీలు బాగా పండిపోయినవి, చిరునామా, ఎక్‌నాలెడ్జ్‌మెంట్ (అందిందన్న జవాబు) అన్నీ తయారుగా ఉంటాయి. ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అని మాత్రం నిశ్చింతగా ఉండకండి. అర్థం కాకపోయినా రికార్డు చేసి తిరిగి వదిలే దొంగను అది ఆపలేదు. ప్యాకెట్‌లో పెరుగుతూ పోయే ఒక లెక్క పెట్టి, పాత అంకె వస్తే పారేయాలి.

ఇందులో డబ్ల్యూ, హెచ్‌డబ్ల్యూ అని రెండు రకాలు. డబ్ల్యూ 13 డీబీఎం, హెచ్‌డబ్ల్యూ 20. హెచ్‌డబ్ల్యూలో యాంటెనా వేరే యాంప్లిఫయర్ కాలికి కలిపి ఉంటుంది. కోడ్‌లో ఆ సంగతి చెప్పకపోతే చిప్ ఏమీ తగిలించని కాలి మీదికి శక్తిని పంపుతుంది. అప్పుడు నాలుగైదు మీటర్లు మాత్రం చక్కగా పనిచేస్తుంది, అదే మోసం. లైబ్రరీలో హై పవర్ సెట్టింగ్ వెతికి ఆన్ చెయ్యండి.

ఇక క్రిస్టల్ సంగతి. దూరం పెంచాలని నేను ఒకసారి వేగం 1,200కి దించి, రిసీవర్ బ్యాండ్‌విడ్త్ (అది వినే ఫ్రీక్వెన్సీల వెడల్పు) వీలైనంత ఇరుకు చేశాను. బల్ల మీద బ్రహ్మాండంగా ఉంది. పెట్టెను ఎండలో పెట్టాక మధ్యాహ్నం మాయమై, రాత్రికి తిరిగొచ్చేది. దెయ్యమేమీ కాదు. మామూలు క్రిస్టల్ 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) అటూ ఇటూ ఉంటుంది, 433.92 దగ్గర అది 8.7 కిలోహెర్ట్జ్. ఒకటి పైకి, ఇంకొకటి కిందికి జరిగితే రెండింటి మధ్య 17 కిలోహెర్ట్జ్ ఎడం. నేను తెరిచిన కిటికీ అంతకన్నా ఇరుకు. బ్యాండ్‌విడ్త్ ఇరుకు చేసేటప్పుడు ఈ లెక్క ముందు వేసుకోవాలి. ఇంకో మాట: ఆర్‌ఎఫ్‌ఎం69 బ్యాండ్‌విడ్త్‌ని ఒక పక్క మాత్రమే కొలిచి చెబుతుంది, సీసీ1101 రెండు పక్కలా కలిపి చెబుతుంది. ఒకదాని అంకెలు ఇంకోదానికి ఎత్తిరాస్తే సగం తేడా కొడుతుంది.

లోరా: ఎంత వింటుందో, అంత ఆలస్యం

లోరా పద్ధతి ఫ్రాన్స్‌లోని సైక్లియో అనే చిన్న కంపెనీలో పుట్టింది. 2012లో సెమ్‌టెక్ దాన్ని కొంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నిలబడకుండా, కింది నుంచి పైకి ఈల వేసినట్టు జారుతూ పోయే తరంగంలో డేటా దాస్తారు. అలా చేస్తే గోలలో మునిగిపోయిన సిగ్నల్‌ని కూడా లాగొచ్చు. ఎంత నెమ్మదిగా జారితే అంత లోతు నుంచి లాగొచ్చు. ఆ నెమ్మదే స్ప్రెడింగ్ ఫ్యాక్టర్. ఎస్‌ఎఫ్ 7 వేగం, ఎస్‌ఎఫ్ 12 నత్తనడక.

అంకెల్లో చూద్దాం. 125 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌లో ఎస్‌ఎక్స్1276 చిప్ ఎస్‌ఎఫ్ 7 దగ్గర మైనస్ 123 డీబీఎం వింటుంది, ఎస్‌ఎఫ్ 12 దగ్గర మైనస్ 136. తేడా 13 డెసిబెల్, నాలుగు రెట్లకు పైగా దూరం. ఇక్కడిదాకా విని అందరూ ఎస్‌ఎఫ్ 12 పెట్టేస్తారు. ఇప్పుడు రెండో వైపు: 20 బైట్ల ప్యాకెట్ గాలిలో ఉండే సమయం ఎస్‌ఎఫ్ 7లో 57 మిల్లీసెకన్లు, ఎస్‌ఎఫ్ 12లో 1.32 సెకన్లు. ఇరవై మూడు రెట్లు. 20 డీబీఎం పవర్‌లో చిప్ సుమారు 120 మిల్లీఆంప్ తాగుతుంది. పది నిమిషాలకోసారి పంపితే, పంపడానికి మాత్రమే సగటున ఎస్‌ఎఫ్ 7లో 11 మైక్రోఆంప్, ఎస్‌ఎఫ్ 12లో 264. ఒక 2,000 మిల్లీఆంప్ అవర్ సెల్లు రెండోదానికి పది నెలలకే అయిపోతుంది. మొదటిదానికి సెల్లు దానంతట అదే చచ్చేదాకా వస్తుంది. పైగా ఆ 1.32 సెకన్లూ మిగతా నోడ్లు (రేడియో ఉన్న మిగతా పెట్టెలు) నోరు మూసుకోవాలి. పది నోడ్లు నిమిషానికోసారి ఎస్‌ఎఫ్ 12లో పంపితే ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి.

అందుకే నా సలహా: ఎస్‌ఎఫ్ 7తో మొదలుపెట్టండి, అందకపోతే యాంటెనా ఎత్తండి, అప్పటికీ అందకపోతే 8కి, 9కి వెళ్లండి. యాంటెనా ఎత్తడం ఊరికే అంటున్న మాట కాదు. కిలోమీటరు దూరంలో 433 మెగాహెర్ట్జ్ తరంగానికి మధ్యలో సుమారు 13 మీటర్ల వ్యాసార్థంలో ఖాళీ కావాలి, కనీసం అందులో అరవై శాతం. రెండు చివరలా యాంటెనాలు నడుమెత్తులో ఉంటే ఆ ఖాళీలో సగం నేలే ఉంటుంది.

చిప్‌లో పాత తరం ఎస్‌ఎక్స్1276, 1278. ఆర్‌ఎఫ్‌ఎం95, ఆర్ఏ-02 మాడ్యూళ్లలో ఉండేవి ఇవే. కొత్త తరం ఎస్‌ఎక్స్1262. పవరు 22 డీబీఎం దాకా పెరిగిందన్నది చిన్న విషయం. వినేటప్పుడు తాగేది సుమారు 11 మిల్లీఆంప్ నుంచి 4.6కి తగ్గిందే, అదీ అసలు లాభం. వినే వైపు బ్యాటరీ ఉంటే ఈ అంకె ఎంత ముఖ్యమో చూడండి: అదే 2,000 మిల్లీఆంప్ అవర్ సెల్లుతో ఆర్‌ఎఫ్‌ఎం69 16 మిల్లీఆంప్ తాగుతూ ఐదు రోజులు వింటుంది, ఎస్‌ఎక్స్1262 పద్దెనిమిది రోజులు. రెండూ నెలలకు రావు. బ్యాటరీ మీద ఉన్న నోడ్ ఎప్పుడూ వింటూ కూర్చోకూడదు. తానే లేచి, పంపి, అర సెకను విని, పడుకోవాలి.

కొత్త చిప్‌తో కోడ్ కాస్త మారుతుంది. రిజిస్టర్లు రాసే బదులు కమాండ్లు పంపాలి, బిజీ అనే పిన్ కింద పడేదాకా ఆగాలి. కొన్ని బోర్డుల్లో టీసీఎక్స్‌ఓ (ఉష్ణోగ్రత మారినా పెద్దగా జరగని క్రిస్టల్) ఉంటుంది, కొన్నిట్లో మామూలు క్రిస్టల్. రేడియోలిబ్ లైబ్రరీ టీసీఎక్స్‌ఓ ఉందనుకునే మొదలవుతుంది. మీ బోర్డులో లేకపోతే ఆ వోల్టేజీ సున్నా అని చెప్పాలి, లేదంటే మైనస్ 707 అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. కొన్ని మాడ్యూళ్లకు పంపడం, వినడం మార్చే స్విచ్ పిన్నులు వేరుగా ఉంటాయి. వాటిని తగిలించడం మర్చిపోతే అంతా సక్సెస్ అని వస్తుంది, అవతల ఏమీ రాదు.

లోరాకి సీరియల్ రకాలూ ఉన్నాయి, ఈబైట్ ఈ32 లాంటివి. ఎం0, ఎం1 పిన్నులతో మోడ్ మార్చుకోవాలి. హెచ్‌సీ-12 గురించి చెప్పిన మంచీ చెడూ వీటికీ వర్తిస్తాయి. లోపలి ప్యాకెట్ ఎలా ఉండాలో వాటి ఫర్మ్‌వేరే నిర్ణయిస్తుంది కాబట్టి ఒక వైపు ఈ32, ఇంకో వైపు ఉత్త ఎస్‌ఎక్స్1278 పెట్టి కలుస్తాయని ఆశ పెట్టుకోవద్దు.

ఫ్రీక్వెన్సీ మీ ఇష్టం కాదు

యూరప్‌లో 433.05–434.79 మెగాహెర్ట్జ్‌లో 10 మిల్లీవాట్ వరకు, 868.0–868.6లో 25 మిల్లీవాట్ వరకు వాడొచ్చు. రెండోదానిలో నోడ్ గాలిలో ఉండే సమయం 1 శాతానికి మించకూడదు, గంటకు 36 సెకన్లు. పైన చెప్పిన ఎస్‌ఎఫ్ 12 ప్యాకెట్లయితే గంటకు 27. అమెరికాలో 902–928. భారత్‌లో 865–867 లైసెన్స్ లేకుండా వాడుకోడానికి 2005లో తెరిచారు, 868 బోర్డులు అక్కడ బాగానే పనిచేస్తాయి, కోడ్‌లో ఫ్రీక్వెన్సీ మార్చుకోవాలంతే. లైబ్రరీ ఉదాహరణల్లో 915 అని రాసి ఉంటే అలాగే అప్‌లోడ్ చేసేయకండి.

తీగలు, కరెంటు

పావు తరంగం యాంటెనా అంటే 433.92కి 17.3 సెంటీమీటర్లు, 868కి 8.6, 915కి 8.2. ఉత్త తీగ ముక్క చాలు, నిటారుగా ఉంచండి, బ్యాటరీకి దూరంగా పెట్టండి. కిట్లలో వచ్చే చుట్ట యాంటెనా తీసి తీగ పెడితేనే దూరం పెరిగిన సందర్భాలు నేను చాలా చూశాను. యాంటెనా లేకుండా పవరు పెంచి పంపకండి. రెండు 20 డీబీఎం మాడ్యూళ్లను ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి పరీక్షించకండి, చెవిలో అరిచినట్టై రిసీవర్‌కి ఏమీ అర్థం కాదు.

ఎస్‌పీఐ మాడ్యూళ్లన్నీ 3.3 వోల్టులవే. 5 వోల్టుల బోర్డుతో లెవెల్ షిఫ్టర్ తప్పనిసరి. ఊనో బోర్డు 3.3 పిన్ నుంచి 50 మిల్లీఆంప్ అని చెబుతారు, 20 డీబీఎంలో రేడియో 120కి పైగా అడుగుతుంది. వోల్టేజీ కూలి బోర్డు రీసెట్ అవుతుంటే ఇదే కారణం. వేరే రెగ్యులేటర్, మాడ్యూల్ కాళ్ల పక్కనే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి.

కోడ్ దగ్గరికొస్తే

తీగలు కలిపాక మొట్టమొదట చెయ్యాల్సింది ప్యాకెట్ పంపడం కాదు, చిప్ వెర్షన్ చదవడం. ఆర్‌ఎఫ్‌ఎం69లో హెక్స్ 10వ రిజిస్టర్ చదివితే హెక్స్ 24 రావాలి. ఎస్‌ఎక్స్1276లో హెక్స్ 42వది చదివితే హెక్స్ 12. సీసీ1101లో హెక్స్ 31వది, సాధారణంగా హెక్స్ 14. సున్నాగానీ, ఎఫ్‌ఎఫ్ గానీ వస్తే తీగల్లోనో కరెంటులోనో తప్పుంది, రేడియో గురించి ఆలోచించనే అక్కర్లేదు. ఇక్కడో చిన్న తిరకాసు: ఆర్‌ఎఫ్‌ఎం69, ఎస్‌ఎక్స్1276లలో చిరునామా పై బిట్ 1 అయితే రాయడం, సీసీ1101లో 1 అయితే చదవడం. పైగా ఆ వెర్షన్ రిజిస్టర్‌కి బర్స్ట్ బిట్ కూడా పెట్టాలి, అంటే ఎఫ్1 అని పంపాలి. పాత కోడ్ కాపీ కొట్టి కొత్త చిప్ మీద వేసేవాళ్లు పడేది ఇక్కడే.

ఇంటరప్ట్ ఫంక్షన్‌లో (ప్యాకెట్ రాగానే మిగతా కోడ్‌ని ఆపి నడిచే ముక్కలో) వచ్చిందన్న ఒక జెండా ఎత్తి బయటికి రావాలి, అంతకన్నా ఏమీ చేయొద్దు. అక్కడే ఎస్‌పీఐ చదవడం మొదలుపెడితే, ఎస్‌డీ కార్డు కూడా అవే ఎస్‌పీఐ తీగల మీద ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు రెండూ కొట్టుకుంటాయి.

రీడింగులను స్ట్రక్ట్‌లో (కోడ్‌లో కొన్ని విలువలను ఒకటిగా కట్టే మూటలో) పెట్టి అలాగే పంపడం మంచి పద్ధతే. కానీ ఊనోలో ఇంట్ అంటే 2 బైట్లు, ఈఎస్‌పీ32లో 4. ఊనోలో డబుల్ 4 బైట్లు, అక్కడ 8. ఒక వైపు పంపింది ఇంకో వైపు చెత్తగా కనిపిస్తుంది, చెక్‌సమ్ మాత్రం సరిగ్గానే ఉంటుంది. బిట్లు చెప్పి ప్రకటించే 8, 16, 32 రకాలే వాడండి, స్ట్రక్ట్‌ని ప్యాక్ చెయ్యండి, అంటే మధ్యలో ఖాళీ బైట్లు లేకుండా. ఉష్ణోగ్రతకు ఫ్లోట్ కూడా ఎందుకు? 27.43ని 2743 అని 16 బిట్లలో పంపితే రెండు బైట్లు మిగులుతాయి, లోరాలో ప్రతి బైటూ సమయమే.

ప్రతి ప్యాకెట్‌లో నోడ్ నంబరు, వరస సంఖ్య, బ్యాటరీ వోల్టేజీ తప్పకుండా ఉండాలి. వరస సంఖ్య ఉంటే ఎన్ని పోయాయో లెక్క తెలుస్తుంది, లేకపోతే "బాగానే వస్తోంది" అనే భ్రమలో ఉంటాం. నోడ్లు సరిగ్గా అరవై సెకన్లకోసారి పంపేలా రాయొద్దు. వాటి గడియారాలు మెల్లగా జరిగి ఒకరోజు ఒకే క్షణానికి వస్తాయి, ఆ తర్వాత గంటల తరబడి ఒకదాన్నొకటి తొక్కుతూనే ఉంటాయి. అరవైకి అటూ ఇటూ ఐదు సెకన్లు ఏదో ఒక యాదృచ్ఛిక సంఖ్య కలపండి. జవాబు రాకపోతే మళ్లీ పంపేటప్పుడు కూడా అంతే.

నేనైతే ఏది కొంటాను

ఇల్లు, పెరడు దాటని సెన్సర్లు, రెండు చివరలూ నేనే కడితే: ఆర్‌ఎఫ్‌ఎం69. హెచ్‌డబ్ల్యూ కాదు, మామూలు డబ్ల్యూ, గోడలు మరీ మందమైతే తప్ప. ఉన్న రిమోట్లను వినాలన్నా అనుకరించాలన్నా: సీసీ1101. కిలోమీటరు దూరంలోని నీళ్ల ట్యాంకు, రోజుకు వంద రీడింగులు: ఎస్‌ఎక్స్1262, ఎస్‌ఎఫ్ 7తో మొదలు. రేపు సాయంత్రానికి ఏదో ఒకటి నడవాలి, బ్యాటరీ బాధ లేదు: హెచ్‌సీ-12, 2400 వేగంలో. పిల్లలకు రేడియో అంటే ఏమిటో చూపించాలి: చవక జతే, ఆ చెత్త గోల వినిపించడంలోనే సగం పాఠం ఉంది.

ఏది తీసుకున్నా రెండు కాదు, మూడు కొనండి. రెండే ఉంటే, మాట కలవనప్పుడు తప్పు పంపేదానిదో వినేదానిదో తేల్చడానికి దారి ఉండదు. మూడోది ఊరికే వింటూ, వచ్చిందల్లా సిగ్నల్ బలంతో సహా స్క్రీన్ మీద రాస్తూ ఉంటుంది. వీలైతే దానితోపాటు ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌ని రేడియో రిసీవర్‌గా మార్చే పరికరం) కూడా. కంప్యూటర్‌కి గుచ్చి మీ ఫ్రీక్వెన్సీ దగ్గర చూస్తే, బటన్ నొక్కిన క్షణాన గీత లేస్తుందా లేదా, లేస్తే ఎక్కడ లేస్తుందో కనిపిస్తుంది. నా ఎండ పెట్టె రహస్యం బయటపడింది దానితోనే: మధ్యాహ్నం ఆ గీత తొమ్మిది కిలోహెర్ట్జ్ పక్కకు జరిగి కనిపించింది.